బర్రెకు నీళ్లు

సుల్తానాబాద్ బస్టాండులో ఆ పొద్దున బస్సుల్ని పట్టించుకున్నవాళ్లు లేరు.

అందరి చూపూ ఒక్క మనిషి మీదే.

పొట్టిగా, చిన్న కళ్లతో, వీపున సంచితో ఒక విదేశీ స్త్రీ. చైనా అన్నారు కొందరు, జపాన్ అన్నారు కొందరు. ఆమెనే అడగాలని ఎవరికీ తోచలేదు.

బస్సు దిగుతూనే కండక్టరుతో, "అన్నా, మంచిగున్నవా?" అంది.

అంతే! బస్టాండంతా ఎగిరి గంతేసింది.

సెల్‌ఫోన్ల దుకాణం మమతారాణి గల్లాపెట్టె వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఆమెకో యూట్యూబ్ ఛానల్ ఉంది. చూసేవాళ్లే లేరు. ఇవాళ దాని దశ తిరగబోతోంది.

"మేడమ్, ఇంకో మాట! మన తెలుగుల ఇంకో మాట!"

"ఇస్తారి ఇల్లు యాడ?"

జనం చప్పట్లు కొట్టారు. ఆ సంబరంలో అది ప్రశ్న అని ఎవరికీ తట్టలేదు.

"మస్కట్ ఇస్తారి," అంది ఆమె మళ్లీ. "ఇల్లు యాడ? మాట చెప్పాలె."

"మస్కట్ పోయిన ఇస్తారీలు గీడ గల్లీకొకడున్నడు," అన్నాడు ఆటో కొండల్. "ఆయన పెండ్లం పేరేంది మేడమ్?"

ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ పేరు తనకు బాగా తెలుసు.

"ఏమే!"

బస్టాండు కప్పు లేచిపోయేంత నవ్వు.

"మా ఇంట్ల దాని పేరు గూడ గదే!" కొండల్ కడుపు పట్టుకున్నాడు.

ఆమె కూడా నవ్వింది. కానీ గడియారం చూసుకుంది. "రాత్రి విమానం. జర తొందర."

"జర అంటుంది జూడుండ్రి!"

ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుని, "నేను... దవాఖాన," అంది.

"అయ్యో, పానం బాగలేదంట!"

ఎవరో సోడా తెచ్చారు. మిర్చీలు వచ్చాయి. సెల్ఫీలకైతే లెక్కే లేదు. మర్యాదకు ఏ లోటూ లేదు, దారి చూపిన మనిషే లేడు.

కరీంనగర్ బస్సు వచ్చింది. ఆమె చుట్టూ ఉన్న సందుల వైపు ఒకసారి చూసి, ఎక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, తను నేర్చుకున్న మర్యాద ప్రకారం సెలవు తీసుకుంది.

"ఉంట మరి. పైలం. బర్రెకు నీళ్లు వెట్టు!"

జనం పడీపడీ నవ్వారు.

"పెట్టినం తల్లీ, కుడితి గూడ పెట్టినం!" అని అరిచాడు కొండల్.

తెల్లారేసరికి ఆ వీడియో జిల్లా అంతా చూసేసింది. మమతారాణికి కాళ్లు నేల మీద ఆనడం లేదు.

అప్పుడే పాలమ్మే అనసూర్య రీచార్జికి వచ్చింది. నిరుడు వానాకాలంలో భర్త గల్ఫులో పోయాడు. అప్పటినుంచీ ఉన్న ఒక్క బర్రెతోనే బతుకు.

"అక్కా, గిది జూడు, నవ్వి నవ్వి సస్తవ్!"

అనసూర్య చూసింది. నవ్వలేదు.

"మల్ల పెట్టు."

మమతారాణి మళ్లీ పెట్టింది.

"గీమె యాడుంది?"

"రాత్రే విమానమెక్కి పాయె. ఎందుకక్కా?"

భర్త పేరు ఎన్నడూ నోట పలకని మనిషి, ఆవేళ పలికింది.

"ఇస్తారి మా ఆయననే. ఫోన్ వెట్టేసేటప్పుడు దినాం నాతోని గదే మాట అనేటోడు."

మమతారాణి చేతిలోని ఫోన్ దించేసింది. "ఏదో మాట చెప్పాలె అన్నదక్కా... మేం ఇననే లేదు."

అనసూర్య తెర మీద ఆ ముఖాన్ని వేలితో తడిమింది.

"ఆఖరి దినాలల్ల ఆయనకు ఫోన్ వట్టుకునే సత్తువ లేకుంటే, దవాఖానల చెవికాడ వట్టి నిలవడ్డ నర్సమ్మ గీమెనే."