గోడమీది అధ్యక్షుడు

ఆ రోజుల్లో అధ్యక్షుడు ప్రతి ఇంటి గోడమీదా కనిపించి, ఇంట్లోవాళ్లను పేరుపెట్టి పలకరించేవాడు. కొండవాళ్లతో యుద్ధానికి కొడుకును సరిహద్దుకు పంపిన వరాలమ్మ పప్పు రుబ్బుతుంటే, "అమ్మా, కొండవాళ్లతో సంధి ఖాయం. నీ కొడుకు వచ్చేస్తాడు" అన్నాడు.

ఆమె సంతోషం పట్టలేక పక్కింటికి పరుగెత్తింది. అదే యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న సుభాషిణితో అక్కడి గోడమీద అదే ముఖం అంటోంది: "చెల్లీ, కొండవాళ్లతో మాటల్లేవు. నీ భర్త చావుకు పగ తీర్చుకుంటాం."

వరాలమ్మకు ఒళ్లు మండింది. "ఏది నిజమయ్యా? నా బిడ్డ వస్తాడా, చస్తాడా?"

"మీ ఇద్దరి బాధా నాదేనమ్మా" అని గోడమీద అధ్యక్షుడు నవ్వాడు.

సుభాషిణి లేచి, బొమ్మను గోడమీదికి తెచ్చే తీగ పీకేసింది. "నా ఏడుపు చూపించి నీ కొడుకుని చంపిస్తాడా? పద పిన్నీ, అందరి తలుపులూ కొట్టి, ఎవరికేం చెప్పాడో అడుగుదాం."

సాయంత్రానికి ఆ వీధిలో అందరూ తీగలు పీకేశారు; ఏ గోడా మాట్లాడటం లేదు. మనుషులే అరుస్తున్నారు.