పెద్దలను పిలిచే నోరు

ఆశ్రమ బడి పిల్లలందరి మెడకూ ఇప్పుడు పట్టీలున్నాయి. పిల్ల కోయ భాషలో మాట్లాడినా పట్టీ దాన్ని బడి తెలుగులోకి మార్చి వినిపిస్తుంది. తీసేస్తే సీటు పోతుంది.

కొత్తకాయ తినేముందు ఇంటి ఆడపిల్ల చనిపోయిన పెద్దలను పేరుపేరునా పిలవాలి. అందాకా సింగమ్మ ఇంట్లో ఎవరూ మామిడికాయ ముట్టరు. సెలవులకొచ్చిన కూతురు జోగి కాయల తట్ట ముందు కూర్చుని చేతులు జోడించింది.

“గౌరవనీయులైన పూర్వీకులారా, విచ్చేయండి.”

“ఎవరిని పిలుస్తోందే ఇది?” అంది ముసలవ్వ. “మనోళ్ళకి ఆ మాట తెలీదు. గడప బయటే నిలబడిపోతారు.”

సింగమ్మ కొడవలి తెచ్చి పట్టీని తెంపి పారేసింది. “సీటు పోతే పోనీ. ఇప్పుడు పిలువు.”

“గౌరవనీయులైన పూర్వీకులారా...”

అదే మాట, అదే గొంతు. సింగమ్మ వార్డెన్‌కు ఫోన్ చేసింది.

“జోగి పట్టీయా? పోయినేడే ఆపేశామమ్మా, ఊరికే మెడకుంది,” అందావిడ మెచ్చుకోలుగా. “ఇక దానికి అవసరం లేదు. బడికే ఫస్టు మీ పాప.”

“మెచ్చుకోకండి మేడం. దాని నోరెక్కడ దాచారో అది చెప్పండి.”

ఫోన్ పెట్టేసి, సింగమ్మ కూతురి ఎదుట కూర్చుని, పిలుపులో మొదటి మాట కోయలో పలికింది. జోగికి నోరు తిరగలేదు.

“కాయలు కుళ్ళిపోనీ,” అంది సింగమ్మ ఇంటిల్లిపాదితో. “ఇది పిలిచేదాకా ఎవరూ ముట్టొద్దు.”