స్తోమత

"సింగపూర్ వద్దండి. పిల్లల్ని అరకు తీసుకెళ్లండి, చాలు."

వెనక వరసలోంచి వచ్చిన ఆ మాటకి హాల్లో అందరూ తలలు తిప్పారు.

నలభై అయిదేళ్ల ఆవిడ. నేత చీర, భుజాన గుడ్డ సంచీ. ఎవరి తల్లో ఎవరికీ తెలియలేదు.

మండపేటలోని ఆ ఇంగ్లీషు మీడియం స్కూలు వాళ్లు తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రుల్ని పిలిచిందే సింగపూర్ ట్రిప్పు గురించి చెప్పడానికి. అయిదు రోజులు. మనిషికి లక్షా నలభై వేలు.

"ఇది ఆప్షనలే కదమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్, నవ్వు చెరగనివ్వకుండా.

"కాగితం మీద ఆప్షనలేనండి. వెళ్లని పిల్లలు ఆ అయిదు రోజులూ ఖాళీ క్లాసులో కూర్చోవాలి. వెళ్లొచ్చినవాళ్ల కబుర్లు ఏడాదంతా వినాలి. అది చూడలేక ఇళ్లల్లో పెద్దవాళ్లు ఏవేవో మానుకుంటున్నారు. పైకి చెప్పుకోలేరు."

ఒకరిద్దరు తలలూపారు. కిటికీ పక్కన కూర్చున్న ట్రాక్టర్ మెకానిక్ ఒకాయన తనూ ఏదో అందామని లేవబోయాడు.

మధ్య వరసలో కూర్చున్న మరో తండ్రి శాంతికుమార్ తల దించుకున్నాడు.

అతను గుమస్తాగా పనిచేసే రైస్ మిల్లు ఓనరు ముందు వరసలోనే ఉన్నారు. ఆయన మనవరాలిదీ అదే క్లాసు. ఆయన ఎందుకో వెనక్కి తిరిగి శాంతికుమార్ వంక చూశారు.

అంతే, శాంతికుమార్ లేచి నిలబడ్డాడు.

"మీకు స్తోమత లేకపోతే మీ పాపని మాన్పించుకోండి మేడం. మా పిల్లల సరదా ఎందుకు పాడుచేస్తారు?"

హాల్లో చాలామంది నవ్వారు. మెకానిక్ మెల్లగా కూర్చుండిపోయాడు.

ఆవిడకి కోపం రాలేదు.

"మీది ఏ పాపండి?" అని అడిగింది.

"దీవెన," అని ప్రిన్సిపాల్ వైపు తిరిగాడు. "మొదటి పేరు మాదే రాసుకోండి సార్."

ఆవిడ అతన్ని తేరిపార చూసి, నోటిదాకా వచ్చిన మాటేదో మింగేసి కూర్చుంది.

ఓనరు గారు మెచ్చుకోలుగా తలాడించారు.

ఇంటికొచ్చి శాంతికుమార్ ఇదంతా చెప్పుకుని నవ్వాడు. అతని భార్య మెర్సీ పొట్ట మీద వేణ్ణీళ్ల సంచీ పెట్టుకుని మంచం మీద పడుకునుంది. గర్భసంచిలో గడ్డలున్నాయి, ఈ నెలలోనే తీసెయ్యాలి అన్నారు కాకినాడ డాక్టరమ్మ. దానికని దాచిన డబ్బే ఇప్పుడు సింగపూర్‌కి వెళ్తోంది.

"నాకేం, వేసవిలో చేయించుకుంటాను. పిల్ల చిన్నబోకూడదు," అంది మెర్సీ.

ఊళ్లో ఉండటం లేదు, ఆపరేషన్ తర్వాత పెట్టుకుంటామని ఆసుపత్రికి ఫోన్ చేసి అబద్ధమాడింది మాత్రం శాంతికుమారే. మిల్లు వెనక్కి వెళ్లి, ఎవరూ వినకుండా.

"నువ్వలా అన్నాక ఆవిడేమంది నాన్నా?" అడిగింది దీవెన.

"ఏమంటుంది? నోరు మూసుకుని కూర్చుంది."

దీవెన సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకుంది. ట్రిప్పుకి వెళ్లనని ఆ పిల్ల వారం నుంచీ అంటూనే ఉంది. నలుగురిలో తక్కువవుతామని అతనే వినలేదు.

సోమవారం సాయంత్రం బడి వదిలాక అడ్వాన్సు కట్టడానికి స్కూలుకి వెళ్తే, గేటు దగ్గర ఆవిడే కనిపించింది. కాళ్ల దగ్గర పుస్తకాల అట్టపెట్టె పెట్టుకుని ఆటో కోసం చూస్తోంది.

"ఏమండీ, మీ పాపని మాన్పించేశారా?" అన్నాడు శాంతికుమార్, నవ్వాపుకుంటూ.

"లేదండి. నన్నే మాన్పించారు."

అతనికి అర్థమయ్యేలోగా ఆటో వచ్చింది. పెట్టె పైకెత్తడానికి ఆవిడ అవస్థ పడుతోంటే సాయం పట్టాలని కూడా తోచలేదు. ఆటో ద్రాక్షారామం రోడ్డెక్కి వెళ్లిపోయింది.

"ఆవిడ పేరెంటు కాదండి," అన్నాడు ఆఫీసులో క్లర్కు పల్లంరాజు, రసీదు రాస్తూ. "తెలుగు టీచరు, మాణిక్యాంబ గారు. చేరి రెండు నెలలైంది. ఎవరింటి సంగతి విని అలా మాట్లాడావు, పేరు చెప్పు, వదిలేస్తాను అన్నారంట ప్రిన్సిపాల్ గారు. చెప్పలేదంట. తీసేశారు."

"ఎవరో పిల్ల కోసమా?"

"అంతేనండి. ఇదిగో రసీదు. కట్టాక మళ్లీ వెనక్కివ్వరండి."

బండి మీద ఇంటికొస్తుంటే శాంతికుమార్‌కి హాల్లో తను అన్న మాటే గుర్తొచ్చింది. స్తోమత గురించి తను అడిగింది ఎవర్ని? పరాయి బిడ్డ కోసం ఉద్యోగం పోగొట్టుకున్న మనిషిని. గేటు దగ్గర నవ్వింది తల్చుకుంటే తన ముఖం తనకే చూడబుద్ధి కాలేదు.

దీవెన వీధి గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. రసీదు ఇస్తే అందుకోలేదు.

"మాణిక్యాంబ టీచర్ ఇవాళ క్లాసుకి రాలేదు నాన్నా."

"తీసేశారంటమ్మా." శాంతికుమార్ రసీదు జేబులో పెట్టేసుకున్నాడు. "ఎవరి గురించి మాట్లాడిందో పేరు చెప్పి ఉంటే ఉంచేవాళ్లంట. చెప్పలేదంట."

దీవెన కళ్లు నిండిపోయాయి. లోపల గదిలో పడుకున్న తల్లికి వినబడకుండా గొంతు తగ్గించింది.

"అమ్మ ఆపరేషన్ ఆగిపోతోంది, ఎలాగైనా ఈ ట్రిప్పు ఆపండని టీచర్ని బతిమాలింది నేనే నాన్నా, నీ పేరు మాత్రం ఎక్కడా చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను."