కంపైలర్ల తరగతి

ఆ రోజుల్లో కాలేజీలో ప్రతి విద్యార్థికీ పాఠాలు చెప్పి, సలహాలిచ్చే ఒక యంత్రం ఉండేది. ఎవరి పాఠాలు వారివి, ఎవరి గది వారిది. కంప్యూటర్ సైన్స్ చదివే హిమజ రెండేళ్లుగా ఎవరి పక్కనా కూర్చోలేదు.

ఐదో సెమిస్టరుకు ఆమె ప్రోగ్రాములను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ల పాఠం ఎంచుకుంది. అదొక్కటే ఇంకా ఒక మనిషి చెబుతున్నాడు.

"అది తీసుకుంటే పీజీ సీటు వచ్చే అవకాశం సగానికి పడిపోతుంది," అంది యంత్రం.

"పడిపోనీ. ఖాయం చెయ్యి."

తరగతిలో బెంచీలన్నీ ఖాళీ. బోర్డు తుడుస్తున్న వరాహమూర్తి గారు వెనక్కి తిరిగారు.

"ఎవరు కావాలమ్మా?"

"పాఠానికొచ్చాను సార్."

ఆయన డస్టర్ బల్ల మీద పెట్టారు. "మూడేళ్లయిందమ్మా, ఈ గదికి ఎవరైనా వచ్చి," అంటూ హాజరు పట్టీ తెరిచారు. అందులో ఒకే పేరుంది. ఆమె ఎదురుగానే ఉన్నా గట్టిగా పిలిచారు.

"హిమజ!"

"ప్రెజెంట్ సార్," అంటూ ఆమె చెయ్యెత్తింది.