ఆది గౌను

"అదేంటే, కొలతకు ఆదిగా తెచ్చిన పోయినేడాది గౌనుకంటే నీ కొలత పొట్టిగా వస్తోంది! వెనక్కి పెరుగుతున్నావా?" టేపు పట్టుకుని నవ్వింది టైలరత్త.

తీరా చూస్తే మేనకోడలి మోకాళ్లు వంగి ఉన్నాయి, భుజాలు కుంగి ఉన్నాయి.

"క్లాసులో ఇలాగే నిలబడతానత్తా. లేకపోతే టీచరు 'కరెంటు స్తంభమా, వెనక్కి పో' అంటుంది. ఇప్పుడందరూ అదే పేరుతో పిలుస్తున్నారు. ఈ కొలతకే కుట్టెయ్."

అత్త టేపు మెడలో వేసుకుంది.

"సర్లే. ముందు ఆ పై అరలో నీలం దారం తియ్యి. నాకు అందిచావదు."

పిల్ల నిటారుగా సాగి దారం అందుకుంది.

"కదలకు!" అత్త వెనకనుంచి చటుక్కున టేపు పట్టింది. "ఇదిగో, దొరికింది నా అసలు కోడలు!"

పిల్ల అద్దంలో చూసుకుంది. మోకాళ్లు మళ్లీ వంచబోయి మానేసింది.

"అత్తా, అంచు మడతలో గుడ్డ ఎక్కువ వదులు. నేనింకా పెరుగుతాను."