అత్త కొలిచిన నేల

మా ఒలోనీ ఆదివాసీ జాతి పెద్దల్ని పాతిపెట్టిన ఆల్చిప్పల దిబ్బ మీద నగరం తారు పోసి కార్లు పెట్టుకుంది. కంచె బయట పాతికేళ్లు ప్రార్థించాక, ఈ ఉదయం దాని తాళంచెవి సకల రాజలాంఛనాలతో మా చేతికొచ్చింది.

టియోడోరా అత్త మాత్రం ఆ సభలో ఉపన్యాసాలేవీ వినలేదు. తారు మీద అడుగులో అడుగేస్తూ లెక్కపెడుతోంది.

"ఏంటత్తా, కారు ఎక్కడ పెట్టాలా అనా? ఎక్కడైనా పెట్టుకో, మనదేగా!" అన్నాను.

"నోర్ముయ్యరా, లెక్క తప్పుతుంది."

"పోనీ, ఇల్లు కడతావా?"

అత్త ఆగి మోకాలు పట్టుకుంది.

"యూనివర్సిటీ సెల్లార్‌లో ఇక్కణ్ణుంచి తవ్వుకెళ్లిన మనవాళ్ల ఎముకల పెట్టెలు ఇంకా నాలుగొందలున్నాయిరా. అవి ఇప్పించుకోడానికి ఇంకో పాతికేళ్లు. ముందు అందరికీ ఇక్కడ చోటు సరిపోతుందో లేదో చూడనీ."

నేను రెండో చివరికి వెళ్లి, అక్కణ్ణుంచి కొలవడం మొదలుపెట్టాను.