జాడీలో సముద్రం

"ఒక్క క్యానెడు ఇయ్యుండ్రి సార్, మీ కాల్మొక్కుత."

ల్యాబు అటెండరు ఎల్లస్వామి చేతులు జోడించాడు. ఆఫీసరు సుందర్ రావు మీటరు మీది నుంచి తల ఎత్తలేదు.

"దేనికయ్యా?"

"ఇంట్ల జర పనుండె సార్."

"సముద్రం నీళ్లతో ఇంట్లో పనేమిటి? కూరలో ఉప్పు తక్కువైందా? అవి సర్కారు నీళ్లు. చుక్క తగ్గినా లెక్క తప్పుతుంది. ఆ జాడీ దగ్గరికి కూడా పోవద్దు."

అసలు సంగతి ఎల్లస్వామి గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. చెబితే నవ్వుతారని భయం. ఈ ఒక్క విషయంలో ఎవరు నవ్వినా అతను తట్టుకోలేడు.

మూలన స్టూలు మీద ఉంది ఆ పింగాణీ జాడీ. లోకంలోని పొగంతా గాలిలోంచి సముద్రంలోకి దిగి నీళ్లు పులిసిపోతున్నాయనీ, గవ్వలకూ ఆల్చిప్పలకూ పెంకు గట్టిపడటం లేదనీ ఢిల్లీలో ఎవరికో అనుమానం వచ్చింది. అనుమానం రాగానే ఒక స్కీము, పులుపు కొలిచే ఒక మీటరు, ఒక జీపు మంజూరయ్యాయి. ఎవరి తెలివో గాని, మీటరు వచ్చి వరంగల్‌లో దిగింది. సముద్రం వరంగల్ దాకా రాదు కదా, అందుకని నీళ్లకు రైలు టికెట్టు పెట్టారు. జాడీని సుందర్ రావే స్టేషనుకు పోయి జీపులో తెచ్చుకున్నాడు. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఎల్లస్వామికి మాత్రం ఆ జాడీని చూస్తే స్కీము గుర్తుకు రాలేదు, తమ్ముడు కట్టయ్య గుర్తుకొచ్చాడు. దివిసీమ వైపు వరికోతలకు పోయి ఉప్పెనలో కొట్టుకుపోయాడు కట్టయ్య. శవం దొరకలేదు. తల్లి మొగిలమ్మ అప్పట్నుంచి ఏడవనూ లేదు, చావుస్నానం చేయనూ లేదు. ఎవరెంత చెప్పినా ఒకటే మాట.

"పీనుగ లేని సావుకు తానమేందిరా? పోస్తే వాన్ని మింగిన నీళ్లే నా నెత్తిన పొయ్యుండ్రి."

ఇప్పుడు దవాఖానవాళ్లు ఆమెను ఇంటికి తీసుకుపొమ్మన్నారు. గుక్కెడు గంజి దిగడం లేదు, అయినా ప్రాణం పోవడం లేదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక ఎల్లస్వామి పాలక్యాను నింపుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక చేసిన మొదటి దొంగతనం అది. తగ్గిన జాడీని అట్లాగే వదిలేశాడు, అడిగితే ఒప్పుకుందామనే.

వరంగల్ కాశిబుగ్గలోని ఇంటి వాకిట్లో భార్య యాకమ్మ అత్తను పీట మీద కూర్చోబెట్టి, వెనక నుంచి పట్టుకుంది.

"అవ్వా, సముద్రం తెచ్చిన" అన్నాడు ఎల్లస్వామి.

ముసలమ్మ కళ్లు తెరిచింది. "నిజంగనేనా? నీకెవలిచ్చిండ్రు?"

"మా ఆఫీసుకొచ్చినయి. ఆ నీళ్లు పులుస్తున్నయట, సర్కారు పరీక్ష చేస్తాంది."

"పులువయా మరి? అంతమంది పిల్లగాండ్లను మింగితే అరుగుతదా?"

ఎల్లస్వామి మొదటి చెంబు పోశాడు. నీళ్లు నుదుటి మీంచి పెదాల మీదికి జారాయి. ఆమె నాలుకతో తడిమి చూసింది.

"ఉప్పగున్నది" అంది. తర్వాత తడిసిన కొంగును రెండు చేతులా ఒళ్లోకి లాక్కుని, దాంతో మాట్లాడటం మొదలుపెట్టింది.

"కట్టిగా, గిట్లనే నోట్లెకు పోయెనా బిడ్డా? అవ్వా అని ఒర్లినవా? నాకు ఇనవడలే కొడుకా..."

ఇన్నేళ్లు రాని ఏడుపు అప్పుడొచ్చింది. పక్కిళ్ల వాళ్లు పరుగెత్తుకొచ్చారు. యాకమ్మ అత్తను పట్టుకునే ఏడ్చింది. ఎల్లస్వామి ఏడుస్తూనే ఒక్కొక్క చెంబూ పోశాడు. క్యాను ఖాళీ అయ్యేసరికి మొగిలమ్మ అలిసిపోయి కోడలి మీదికి ఒరిగింది.

"ఇగ సాలు బిడ్డా. వాడు పోయిండు" అంది.

తెల్లారేసరికి ఆమె కూడా పోయింది. మొహంలో ఏ కష్టమూ లేదు. చూసినవాళ్లంతా ఆ మాటే అన్నారు.

దినాలు అయ్యాక ఎల్లస్వామి గుండుతో డ్యూటీకి వచ్చాడు. తల్లి లేదన్న దిగులు గుండెలో ఉంది. అయినా దాని పక్కనే కొంచెం చల్లగా కూడా ఉంది. తల్లికి మందులిప్పించలేకపోయాడు, మంచి చీర కట్టబెట్టలేకపోయాడు, ఇదొక్కటి మాత్రం సరిగ్గా చేశాడు. ఇక ఉద్యోగం పోయినా పర్వాలేదనుకుని తిన్నగా సుందర్ రావు ముందు నిలబడ్డాడు.

"జాడీల నీళ్లు నేనే కొంటవోయిన సార్. దొంగతనమే. తీసేస్తే తీసెయ్యుండ్రి."

సుందర్ రావు అతని గుండు చూశాడు. లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. నోటి దురుసే గాని మనిషి మంచివాడు. తల్లి పోయినవాడు ఇంకో బరువు కూడా మోయడం చూడలేకపోయాడు. ఎల్లస్వామి భుజం మీద చెయ్యి వేసి గొంతు తగ్గించాడు.

"ఈ దుఃఖంలో దాని గురించి కూడా ఎందుకయ్యా బాధ? నీ ఉద్యోగానికి ఏమీ కాదు. ఎవరితోనూ అనకు, సముద్రం నీళ్ల జాడీ రైల్లోనే పగిలిపోయింది. ఢిల్లీవాళ్లు రిపోర్టు, రిపోర్టు అని ప్రాణం తీస్తుంటే, ఇంకో జాడీలో మన నల్లా నీళ్లు పట్టి నేనే ఉప్పు కలిపి పెట్టాను."